చీటీ మీద నా పేరు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఆదివారం తెలుగు ప్రార్థనకి వెళ్తాను, మిగతా రోజుల్లో ఆఫీసుకి వెళ్తాను. ఈ రెండింటి మధ్య దయ్యానికి చోటు లేదని మా ఆవిడతో అంటూ ఉండేవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది ఎవర్నీ నమ్మించడానికి కాదు. పదకొండేళ్లుగా నేను చెప్పాల్సి ఉండి చెప్పని మాట ఒకటి ఉంది. అది చెప్పాలంటే ఇది కూడా చెప్పక తప్పదు.

మా ఆఫీసు పోర్ట్ బ్లెయిర్‌లో, డెలానీపూర్ వైపు ఉంది. పేరు చెప్పను. ఈ ద్వీపాల్లో ముందుగా స్థిరపడిన కుటుంబాల పాత కాగితాలన్నీ మా దగ్గరే ఉంటాయి. ఎవరికైనా లోకల్ సర్టిఫికెట్ కావాలంటే, అంటే తాము ఇక్కడివాళ్లమేనని రుజువు కావాలంటే, మా రికార్డు గదిలోని ఫైలే ఆధారం. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా ఇక్కడి కోటాలో సీటు రాదు.

ఆ గదిని ఇరవై ఏళ్లకి పైగా చూసుకున్నవారు సింహాచలం గారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ డింగీ అనే చిన్న పడవ మీద చేపలు పట్టేవాడు. కొడుక్కి ఉద్యోగం వచ్చినా చేతులకి మాత్రం పడవ పని పోలేదు. ఫైళ్లన్నీ ఎర్రగుడ్డలో చుట్టి, పడవ తాళ్లకి వేసే ముడి వేసేవారు. చూస్తే రాయిలా ఉండేది. ఒక కొస పట్టి లాగితే మాత్రం విడిపోయేది. మాకందరికీ విప్పడం వచ్చు, వెయ్యడం ఎవరికీ రాలేదు.

ఆయనకి ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఎవరు ఫైలు తీసినా దాని చోట ఒక చీటీ ఉండాలి. పాత క్యాలెండర్లు ముక్కలుగా కోసి, వెనక తెల్లటి వైపు నీలం పెన్సిల్‌తో మూడు వరుసలు రాసేవారు: ఏ ఫైలు, ఎవరు తీశారు, ఎక్కడుంది. అదీ తెలుగులో. హిందీలోనో ఇంగ్లీషులోనో రాయమని పెద్ద ఆఫీసర్లు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

నేను అప్పట్లో పై సెక్షన్‌లో క్లర్కుని. ఫైలు కోసం వెళ్తే ఆయన ముందు చీటీ రాసి, తర్వాతే ఫైలు చేతికిచ్చేవారు.

"ఒరే ప్రకాషూ, సీటీ లేకుండా ఫైలు ఒట్టుకెళ్లావంటే నీ పెళ్లి శుభలేఖ కూడా ఈ మూటలో కట్టేత్తాను. తర్వాత పిల్ల ఎక్కడని నన్నడక్కు" అనేవారు.

ఒక్కరోజు నేను అలాగే పట్టుకెళ్లాను.

పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన, ఇంకో ద్వీపంలో ఉన్న రంగత్‌లో రత్నకుమారి అనే అమ్మాయి లోకల్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టుకుంది. పన్నెండో తరగతి పాసై నర్సింగ్ సీటు కోసం చూస్తోంది. వాళ్ల తాతకి ఇచ్చిన స్థలం కాగితం అసలు ప్రతి మా ఫైల్లో ఉంది. దాన్ని రంగత్‌లోని మా చిన్న ఆఫీసుకి తీసుకెళ్లి, అక్కడి రిజిస్టరుతో సరిచూసుకుని రావాలి. బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. ముందురోజు సాయంత్రం నేను వెళ్లేసరికి సింహాచలం గారు ఇంటికి వెళ్లిపోయారు. మేకుకున్న తాళంచెవి తీసుకుని, ఫైలు నేనే తీశాను. చీటీ వచ్చాక పెట్టొచ్చులే అనుకున్నాను.

రంగత్‌లో పని అయింది. తిరిగి వచ్చేటప్పుడు వాన. బస్సు ఫెర్రీ ఎక్కేటప్పుడు దిగి, గొడుగు కోసం సంచి తెరిచాను. పోర్ట్ బ్లెయిర్‌లో చూసుకుంటే సంచిలో ఫైలు లేదు. గొడుగు తీస్తున్నప్పుడు జారి నీళ్లలో పడిపోయిందనుకున్నాను. అనుకోవడం కాదు, నిశ్చయించుకున్నాను. సముద్రంలో పోయినదాన్ని ఇక వెతకనక్కర్లేదు కదా.

ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత ఫైలు అడిగితే లేదు. దాని చోట చీటీ లేదు. గది బాధ్యత సింహాచలం గారిది. విచారణలో నన్ను కూడా అడిగారు. ఫైలు లేకుండానే రంగత్ వెళ్లి రిజిస్టరు మాత్రం చూసి వచ్చానని, ఫైలు నేను చూడలేదని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. నా వైపు ఒకసారి చూసి, తల దించుకున్నారు.

ఆయన సర్వీసు పుస్తకంలో 'నిర్లక్ష్యం' అని రాశారు. మూడు నెలల్లో రిటైరయ్యారు. మా ఆఫీసులో రిటైరైన ప్రతివాళ్ల ఫోటో వరండా గోడకి తగిలిస్తారు, టీ పార్టీ చేస్తారు. ఆయనకి రెండూ జరగలేదు. తన టిఫిన్ డబ్బా, నీలం పెన్సిలు తీసుకుని నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆ తర్వాత మూడేళ్లకి చనిపోయారు. నేను మట్టికి కూడా వెళ్లలేదు.

రత్నకుమారికి ఆ ఏడు సీటు రాలేదు. మరుసటి ఏటికి వయసు దాటిపోయింది.

సింహాచలం గారు వెళ్లాక ఆ గదికి నన్నే వేశారు. నాకది శిక్షలాగే అనిపించింది. చీటీలు ఆగిపోయాయి. నాలాంటివాడు చీటీ అడిగితే నాకే నవ్వొచ్చేది. ఫైలు పోతే తమ మీదకి వస్తుందని ప్రతి సెక్షనూ ఫైళ్లు తమ సొరుగుల్లో దాచుకోవడం మొదలుపెట్టింది. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది. హేవ్‌లాక్ నుంచీ డిగ్లీపూర్ నుంచీ షిప్పెక్కి వచ్చినవాళ్లని 'ఫైలు దొరకలేదు, మళ్లీ రండి' అని తిప్పి పంపేవాళ్లం. ఒక ముసలాయన అయితే నవ్వుతూ, "బాబూ, నేనైనా దొరికానా, లేదా?" అని అడిగాడు. ఆఫీసంతా అలా అవడానికి మొదలు ఎక్కడో నా ఒక్కడికే తెలుసు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక రత్నకుమారి నుంచి మళ్లీ అర్జీ వచ్చింది. ఈసారి వాళ్ల తమ్ముడి కోసం. కొత్తగా వచ్చిన మేడమ్ నన్ను పిలిచి, వారంలోగా ఫైలు ఉందో లేదో రాసివ్వమన్నారు. లేదని రాస్తే ఆ కుర్రాడి పని అంతే.

లేదని నాకు తెలుసు. అయినా శుక్రవారం మా అటెండరు షకీల్‌తో కలిసి ఆ ఫైలు ఉండాల్సిన మూట విప్పి, ఒక్కో ఫైలూ తీసి చూశాను. షకీల్ విసుక్కున్నాడు.

"క్యా భయ్యా, లేనిదాన్ని ఎన్నిసార్లు చూస్తావ్? పిల్లలు పుడ్తదా దానికి?"

పాత నాడా తెగిపోతే నూనె మరకలున్న కొత్త నైలాన్ తాడుతో నేనే కట్టాను. నా ముడి ఎప్పుడూ వంకరే, మూడు నాలుగు పేటలు వేస్తే గాని నిలవదు. తాళం వేసి, చెవి ఇంటికి తీసుకెళ్లాను. ఆ గదికి ఉన్న తాళంచెవి అదొక్కటే. శని, ఆదివారాలు ఆఫీసు లేదు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి తాళం తీశాను. వాన లేదు, కిటికీలోంచి ఎండ పడుతోంది. మూట నేను పెట్టిన చోటే ఉంది. తాడు అదే, ఆ నూనె మరకల తాడే. ముడి మాత్రం నాది కాదు.

పడవ ముడి. పదకొండేళ్ల తర్వాత చూశాను.

షకీల్ నా వెనకే వచ్చాడు. "వాహ్ భయ్యా, ఇంత మంచిగా కట్టడం ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాడు. నువ్వు కట్టావా అని అడిగితే, "నాకు బూట్ల లేసే రాదు, కసమ్ సే. చెప్పులేసుకొని తిరుగుతున్నది అందుకే కదా" అన్నాడు.

కొస పట్టి లాగాను. విడిపోయింది. ఆ ఫైలు ఉండాల్సిన చోట ఒక చీటీ ఉంది.

నీలం పెన్సిలు. మూడు వరుసలు. మొదటి వరుసలో ఫైలు నంబరు. రెండో వరుసలో నా పూర్తి పేరు. మూడో వరుసలో: 'రంగత్ ఆఫీసు, ఇనప అల్మారా వెనక.'

చేతిరాత ఆయనదే. 'క' రాసి దాని తోకని పక్క అక్షరం కిందకి లాగేవారు, అది కూడా అలాగే ఉంది. చీటీ తిప్పి చూశాను. మిడిల్ పాయింట్‌లో ఒక కిరాణా కొట్టువాళ్లు ఏటా పంచే తెలుగు క్యాలెండరు ముక్క అది. జనవరి నెల మొదటి గళ్లు, వాటి పైన సంవత్సరం అంకె. ఈ సంవత్సరమే.

ఎవరో ఆడుకుంటున్నారని మొదట అనుకున్నాను. కానీ షకీల్‌కి తెలుగు చదవడమే రాదు. మా ఆఫీసులో ఉన్న ఇద్దరు తెలుగు పిల్లలు మాట్లాడతారు గాని రాయలేరు. నేనే నిద్రలో రాశానేమో అంది మా ఆవిడ. అయ్యుండొచ్చు. ఫైలు ఎక్కడ మర్చిపోయానో మనసులో ఏ మూలో గుర్తుండి ఉండొచ్చు. కానీ ఆ చేతిరాత, ఆ ముడి నాకు రావు. చాలాసార్లు ప్రయత్నించాను.

మర్నాడే రంగత్ వెళ్లాను. ఆ ఇనప అల్మారాని నేనూ అక్కడి అటెండరూ కలిసి గోడ నుంచి జరిపాం. వెనక దుమ్ము, బల్లి గుడ్లు, వాటి మధ్య ఫైలు. అట్టకి బూజు పట్టింది గాని లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. పదకొండేళ్ల కిందట ఆ రోజు టీ, సమోసా అందుకోవడానికి చేతులు ఖాళీ చేసుకుని, ఫైలు అల్మారా మీద పెట్టాను. అల్మారా జరిపాకే అది గుర్తొచ్చింది.

ఫైలు మేడమ్‌కి ఇచ్చేసి, అల్మారా వెనక దొరికిందని రాస్తే సరిపోయేది. చీటీ చింపేస్తే నా పేరు ఎక్కడా ఉండదు. తిరిగి వచ్చే బస్సులో ఆ ఆలోచన రాలేదని చెప్పను. ఫెర్రీ మీద దిగి నిలబడ్డాను, చీటీ చొక్కా జేబులో ఉంది. కింద నీళ్లు. ఇదే చోట పదకొండేళ్ల కిందట నా తప్పు సముద్రం మీదకి తోసేశాను. ఈసారి ఆ పని చెయ్యలేకపోయాను.

బుధవారం మేడమ్ ముందు ఫైలు, చీటీ, నా చేత్తో రాసిన రెండు పేజీల వాంగ్మూలం పెట్టాను. ఆవిడకి తెలుగు రాదు. చీటీ చదివి వినిపించమన్నారు. నా పేరు నేనే పైకి చదివాను. ఇది రాసిందెవరని అడిగారు. తెలియదన్నాను. వాంగ్మూలంలో కూడా అదే రాయించారు. చీటీని ఫైల్లో కుట్టేసి పేజీ నంబరు వేశారు. నా మీద చర్య నడుస్తోంది. నడవనీ.

కుర్రాడి సర్టిఫికెట్ పదిరోజుల్లో తయారైంది. నేనే తీసుకెళ్లాను. రత్నకుమారి ఇప్పుడు రంగత్ బజారులో స్కూలు యూనిఫాంలు కుడుతుంది. జరిగింది చెప్పాను. ఆవిడ మిషను ఆపలేదు.

"పదకొండేళ్లు అంకుల్" అంది. తర్వాత, "తమ్ముడికి పనికొస్తది, ఇచ్చి వెళ్లండి. సారీ మాత్రం చెప్పొద్దు, నాకు ఈ రోజు ఇరవై నిక్కర్లు ఉన్నాయి."

చెప్పకుండానే వచ్చేశాను. అది నాకు ఎప్పటికీ మిగిలే ఉంటుంది.

ఆఖరికి సింహాచలం గారి భార్య నరసమ్మ పిన్ని ఇంటికి వెళ్లాను. డెలానీపూర్‌లోనే ఉంటుంది. మా ఇంటికి పావుగంట నడక. ఇన్నేళ్లూ ఆ వీధి తప్పించుకుని తిరిగాను. పిన్ని చదువుకోలేదు. అంతా విని, పళ్లెంలో బియ్యం ఏరుతూనే ఉంది.

"ఆయనకి అప్పుడే తెలుసు బాబూ. ఆ వారం రంగతెల్లింది నువ్వొక్కడివే కదేటి" అంది.

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"నానూ అదే అడిగాను. సీటీ లేకుండా ఒకల పేరు ఎలా సెప్తానే, అనీవోరు. కాగితం ఉంటే సెప్పీవోరు. ఆయన సాదస్తం అంతే." పళ్లెం పక్కన పెట్టి, "ఇయ్యాలయినా వొచ్చావు. టీ ఎట్టనా?" అంది.

టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను గోడ వైపు చూశాను. మిడిల్ పాయింట్ కొట్టు క్యాలెండరే తగిలించి ఉంది. అయిపోయిన నెలలన్నీ వెనక్కి మడిచి ఉన్నాయి. లేచి, జనవరి కాగితం పూర్తిగా ఉందో లేదో తిప్పి చూడాలనిపించింది. చూడలేదు. పిన్ని టీ తెచ్చింది, తాగాను. పదకొండేళ్లలో అంత తీపిగా ఏదీ తాగలేదు.

సర్వీసు పుస్తకంలోని ఆ మాట కొట్టేస్తూ ఉత్తర్వు వచ్చింది. పిన్ని ఇచ్చిన ఫోటోని వరండా గోడకి షకీల్ తగిలించాడు. ఆ రోజు అందరికీ టీ పోశాం. చీటీలు మళ్లీ మొదలయ్యాయి. మొదటిది నా పేరుతోనే రాసి పెట్టాను.

ఇది ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఎవరైనా సరైన కారణం చెప్తే సంతోషంగా వింటాను. రోజూ తాళం తీయగానే ముందు ఆ మూట వైపే చూస్తాను. ముడి నేను వేసినట్టే, వంకరగా, నాలుగు పేటలతో ఉంటుంది. హమ్మయ్య అనుకుంటాను. ఆ తర్వాత కాసేపు, ఎందుకో, ఇంకొక్కసారి ఆ పడవ ముడి కనిపిస్తే బావుండునని కూడా అనిపిస్తుంది.