ఫాతిహా పుస్తకంలో లేని పేరు

మా నాయనమ్మకు ఒక చెల్లెలు ఉండేదన్న కబురు నాకు మొదట చెప్పింది మా మేనత్త. అదీ నాకు యాభై దాటాక, గుంటూరు ఆసుపత్రిలో బత్తాయి ఒలుస్తూ.

అక్కడికి వెళ్లింది మా అమ్మాయి కోసం. దానికి ఏడో నెల. అది పుట్టినప్పుడు నాకు పది రోజులు నిద్ర లేదు. నిద్ర లేకపోగా మహా హుషారు. పచ్చి బాలింతను, ఇంట్లో పరుపులన్నీ విప్పించి, దూది మళ్లీ ఏకమని అందరి ప్రాణాలూ తీశానట. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరికి మాత్రలతో కుదుటపడ్డాను. అల్లా దయ, మళ్లీ రాలేదు. మా అమ్మాయికి మాత్రం అదే బెంగ. "అమ్మా, నాకూ అట్టాగే అయ్యి బిడ్డను గుర్తుపట్టకపోతే?"

మానసిక వైద్యురాలు కాగితం మీద మా వంశవృక్షం వేస్తూ ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు గీయడం మొదలుపెట్టింది. జబ్బు చేసిన గుర్తుగా నా సున్నాను ముందే సిరాతో నింపేసింది. "మీ వంశంలో ఇంకెవరికైనా ఇలా వచ్చిందాండీ? పోయినవాళ్లను కూడా చెప్పాలి."

పోయినవాళ్లయితే నా దగ్గర సిద్ధం! నేను బడి మొహం చూడలేదు. పరుపులు కుట్టే మా నాన్న కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి నాకు చదువు చెప్పింది ఫాతిహా పుస్తకంతోనే. గురువారం సాయంత్రం ఊదు వేసి, పోయినవాళ్ల పేర్లు వరసగా చదివి దువా చేసే నోటుపుస్తకం అది. సంచిలోంచి తీసి గొప్పగా ముందు పెట్టాను. ఒక్కో పేరే చెప్పుకొచ్చాను: ఈయన పాము కరిచి, ఈమె కామెర్లతో, ఈయన తాడిచెట్టు మీంచి పడి.

"మతి చెదిరింది నాకొక్కదానికేనండీ. మిగతా అందరూ లక్షణంగా పోయారు."

మేనత్త చేతిలో బత్తాయి ఆగింది. "చెదిరినవాళ్లను పుస్తకంలో ఎక్కిస్తారేంటే, పిచ్చిమొహమా?"

"ఎవరత్తా?"

"మా పిన్ని. మా అమ్మ చెల్లెలు. కాన్పయిన పదో రోజున మొదలైంది. నిద్ర లేదు, ఒకటే పాటలు. అత్తింటివాళ్లు బిడ్డను అట్టిపెట్టుకుని ఆమెను పుట్టింటికి తోలేశారు. అక్కణ్ణుంచి మా అమ్మ మన ఇంటికి తెచ్చుకుంది. పోయేదాకా మన కొట్లోనే దిండ్లు కుట్టింది. చిన్నప్పుడు నువ్వు పడుకున్న దిండు ఆమె కుట్టిందే."

"మరి ఆమె పేరు నాన్న ఎందుకు రాయలేదు?"

"నువ్వు పుట్టావుగా! ఆ పేరు పైకి చదివితే నీకు సంబంధాలు రావని."

డాక్టరమ్మ ఇంకో సున్నా గీసి, దాన్నీ నింపింది. "వంశంలో దిగేది జబ్బు కాదండీ, దానికి లొంగే గుణం. అదీ ఒక్క జన్యువు వల్ల కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త చేస్తాయి. మీ అమ్మాయికి రావచ్చు, రాకపోనూవచ్చు. తెలిసింది కాబట్టి ముందే కాపలా కాస్తాం."

మా అమ్మాయి కాగితంలోకి తొంగి చూసి, మా మేనత్తను అడిగింది. "అమ్మమ్మా, ఆమె బాగా పాడేదా?"

"నీలాగే. శ్రుతీ లేదు, పాడూ లేదు."

ఆ ఏడు నెలల్లో అది పగలబడి నవ్వడం అదే మొదలు.

కాన్పయ్యాక దాని నిద్రకు మేమంతా కాపలా. తొమ్మిదో రోజున గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. మా అల్లుడు భయపడలేదు, దాచలేదు. ఆ పూటే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. మందు మొదలైంది, మూడు వారాలకు నెమ్మదించింది. బిడ్డ దాని పక్కలోంచి ఎక్కడికీ పోలేదు. నుదురు నేలకు ఆనించి నేను ఎన్ని సజ్దాలు చేశానో అల్లాకే తెలుసు.

మేనత్తను ఆ పేరు అడిగి, ఫాతిహా పుస్తకంలో నాన్న చేతిరాత కింద నా వంకర అక్షరాలతో రాసుకున్నాను. నాన్న మీద కోపం రాలేదు. నా కోసం రాయకుండా వదిలేసిన పేరే మా అమ్మాయిని కాచింది మరి. ఇక్కడ పేర్లేవీ చెప్పలేదు, ఆ పేరూ చెప్పను. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, ఈ రోజు దిండు మీద తల వాల్చేటప్పుడు, బిడ్డను ఎత్తుకోనివ్వని ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. దిండ్లు కుట్టిన ఆమె అంటే చాలు, ఎవరో పైనున్న ఆయనకు తెలుసు.