గుట్ట మీది ఇంటికి సినిమాలు

సినిమా ఇంకా అరచేతిలోకి దిగిపోని కాలం అది. గుండ్రటి మెరుపు బిళ్ళగా ఇంటికి వచ్చేది, గీతలు పడేదాకా తిరిగేది, ఆఖరికి టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి మిగిలేది. అప్పట్లో ఏ సినిమా చూడాలన్నది అసలు సమస్యే కాదు. ఇంటికంతా ఒకటే టీవీ కాబట్టి, ఎవరి పక్కన కూర్చుని చూడాలన్నదే సమస్య. నాయనమ్మ పక్కన కూర్చుంటే ఆమె ఏడుపు వినాలి, నాన్న పక్కన కూర్చుంటే పాట రాగానే ఆయన దగ్గు వినాలి. నేనేమో అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి అశోక్‌నగర్‌కు రోజూ నడిచి వెళ్లి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాను. (తీసుకుంటున్నానని నాన్న గట్టిగా నమ్ముతున్నాడు అంటే ఇంకొంచెం సరిగ్గా ఉంటుంది.) మనసంతా నారాయణగూడలో ఓ చిన్న హాల్లో విదేశీ సినిమాలు వేసే క్లబ్బు మీదే ఉండేది. అక్కడి నుంచి బయటికొచ్చేటప్పుడు భుజాన గుడ్డ సంచీ, మొహాన ఓ రకమైన బరువు. మంచి సినిమా అంటే ఏమిటో ఈ నగరంలో నాకు, మహా అయితే నా పక్క కుర్చీలో కూర్చునే ఇంకో ఇద్దరికి మాత్రమే తెలుసునని నా గట్టి అభిప్రాయం. ఎడిటింగ్ నేర్చుకుంటానని ఇంట్లో ఒకసారి అని చూశాను. నాన్న పేపరు మడిచి, "దేన్ని ఎడిట్ చేస్తవ్ బిడ్డా?" అని ఎంతో శాంతంగా అడిగాడు. ఆ శాంతానికి భయపడి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా చిన్నాయనకు నారాయణగూడలో ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు అమ్మే షాపు ఉండేది. ఆయన ఆ సంవత్సరం ఎవరో చెప్పారని వికారాబాద్ దాటాక అనంతగిరిలో ఓ గుట్ట మీద పెంకుల కప్పున్న ఓ చిన్న ఇల్లు కొన్నాడు. శని ఆదివారాలు పట్నం నుంచి వచ్చేవాళ్లకు కిరాయికి ఇస్తాడట. అక్కడ ఫోన్ సిగ్నల్ రాదు, కేబుల్ లేదు. పొద్దున గుట్టలన్నీ తిరిగొచ్చాక జనం ఏం చేయాలన్నది ఆయనకు పట్టుకున్న బెంగ. షాపులోంచే ఓ టీవీ, డీవీడీ ప్లేయరు తీసుకెళ్లి పెట్టి, సినిమాలు ఎంచే పని నాకు అప్పజెప్పాడు. "నువ్వు గా క్లబ్బుల తిరుగుతవ్ గద బిడ్డా. మంచి మంచి సినిమాలు పట్టుకరా. ఎవరొచ్చినా ఖుష్ కావాలె. ఈ పని చక్కగ చేస్తివా, మీ నాన్నతోని నేను మాట్లాడ్త. ఆ ఎడిటింగో ఏందో, నేను చూసుకుంట" అన్నాడు. నాన్న ఎవరి మాటా వినడు గానీ తమ్ముడి మాట వింటాడు. నా బతుకంతా ఆ బిళ్ళల మీద ఆధారపడి ఉందని నాకు ఆ క్షణానే అర్థమైంది.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో క్యాసెట్లన్న అని ఒకతను ఉండేవాడు. క్యాసెట్లు పోయి డీవీడీలు వచ్చినా పేరు మాత్రం మారలేదు. పాపం, అవి కూడా పోయే కాలం వచ్చిందని తెలిసి షాపు ఖాళీ చేస్తున్నాడు. అతనితో వచ్చిన ఇబ్బందల్లా ఒకటే. గిరాకీ మధ్యలో చూడటం వల్ల ఏ సినిమానూ సగానికి మించి చూసి ఎరగడు. "ఇది ఎట్లుంటదన్నా?" అంటే, "ఇంటర్వెల్ దాంక మస్తుంటదక్కా. ఆ తర్వాత నాకు తెల్వద్" అనేవాడు. అలా సగం భరోసాతోనే రెండు సంచుల నిండా తెచ్చుకున్నాను. వాటి అడుగున, గుట్టుగా పేర్చి, క్లబ్బు నుంచి తెచ్చుకున్న నా సినిమాలు. పోతుంటే పిలిచి, "ఇది గూడ ఉంచుకోండక్కా, ఊకెనే" అని ఇంకో బిళ్ళ చేతిలో పెట్టాడు. రైతుల కోసం తీసిన పట్టుపురుగుల పెంపకం పాఠం.

ఇంటికి వచ్చాక తెలిసింది, చిన్నాయన నాకు అప్పజెప్పింది మోసే పని మాత్రమేనని. ఎంచడానికి వేరే కమిటీ ఉంది. చిన్నాయన, చిన్నమ్మ, నాయనమ్మ, నల్లకుంటలో ఉండే మా మేనత్త. ప్రతి సాయంత్రం మా ముందు గదిలో సినిమా వేయాలి, నలుగురూ ఒప్పుకుంటేనే గుట్టకు వెళుతుంది.

నాయనమ్మ ఏ సినిమా పెట్టినా పేర్లు పడకముందే అడిగేది: "ఇండ్ల తల్లి చస్తదా?" చస్తుందంటే చూడదు. చావదు గానీ కష్టాలు పడుతుందంటే, "ఎంతసేపు పడ్తది?" అని బేరం పెట్టేది. చిన్నమ్మకు మొగుడికి ఇంకో ఆవిడతో పరిచయం ఉన్న కథలు పనికిరావు. "అసొంటి ఐడియాలు ఎవరికీ రావద్దు" అంటూ చిన్నాయన వైపు చూసేది. ఆయన మిక్సీల గురించి తప్ప దేని గురించీ ఆలోచించని మనిషి కాబట్టి ఆ చూపు ఎందుకో తెలియక వెనక గోడకేసి చూసేవాడు. ఇక మా మేనత్త తెలుగు టీచరుగా రిటైరైంది. మేమంతా తెలంగాణ తెలుగు మాట్లాడుతుంటే ఆమె మాత్రం పాఠ్యపుస్తకం మాట్లాడుతుంది. హాస్యం సినిమా పెడితే చేయి ఎత్తి ఆపించేది. "ఇప్పుడతను అన్న మాటలో ఒక చెడ్డ అర్థం ఉంది. మీకెవరికీ తెలియలేదు కనుక వివరిస్తున్నాను." అని నిజంగానే వివరించేది. అప్పటిదాకా ఏమీ తెలియకుండా నవ్వుతున్న నాయనమ్మ, తెలిశాక ఇంకా ఎక్కువ నవ్వేది. సినిమా మాత్రం రద్దు.

అందరికంటే కష్టం చిన్నాయనతోనే. ఆయన కథ చూడడు, తన ఇంటిని చూస్తాడు. నిప్పంటుకుంటే కర్టెన్లు గుర్తొస్తాయి. సీసాలతో కొట్టుకుంటే కొత్త గ్లాసులు గుర్తొస్తాయి. హీరోయిన్ బావి గట్టు మీద పాట పాడుతుంటే, "వద్దు వద్దు, మన ఇంటెన్క గూడ బాయి ఉన్నది" అని లేచిపోయాడు. దొంగల సినిమాలో వాళ్లు వెనక తలుపు గడియ తీయడం చూసి ఆయనకు చెమటలు పట్టాయి. "అచ్చం మన తలుపే! వచ్చినోళ్లకు తోవ చూపిచ్చినట్టయితది." దయ్యం సినిమానైతే ప్లేయర్లో పెట్టనే లేదు, అట్ట మీద బొమ్మ చూసే పక్కన పడేశాడు. "గుట్ట మీద ఒక్కటే ఇల్లు బిడ్డా. ఇది చూసినోడు మళ్ల వస్తడా?"

ఆఖరి అస్త్రంగా నా క్లబ్బు సినిమాల్లోంచి ఒకటి తీశాను. ఒక ముసలాయన, ఒక గాడిద, ఒక కొండ. ఇద్దరూ కొండ ఎక్కుతుంటారు. ముందుగా ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. నిశ్శబ్దం కూడా ఒక సంభాషణేనని, కొండ అంటే ఉత్త కొండ కాదని ఇంకా ఏవేవో చెప్పాను. మావాళ్లు బుద్ధిగా విన్నారు, బుద్ధిగా చూశారు.  "గాడిద మంచిగ చేసింది" అంది నాయనమ్మ. "ముసలాయనకు ఎవ్వరు లేరా, అన్నమన్న తినడాయె?" అంది చిన్నమ్మ. చిన్నాయన నా తల నిమిరి, "ఇది పెడ్తే వచ్చినోళ్లు పొద్దుగాల్నే సామాన్ సర్దుకుంటరు బిడ్డా" అన్నాడు. ఆ కమిటీ చరిత్రలో నలుగురూ ఒక్క మాట మీద వద్దన్నది ఆ ఒక్క సినిమానే.

చివరికి పాసైనవేమిటంటే, ఎవరూ మాట్లాడని ఓ కుందేలు కార్టూను, రెండో బిళ్ళ దొరకని ఓ పౌరాణికం, పట్టుపురుగుల పెంపకం. గాంధీనగర్ నుంచి ఓ బ్యాంకు ఆఫీసరు గారి కుటుంబం మొదటి కిరాయిదారులుగా వస్తున్నారు. ఆయనకు నచ్చితే బ్యాంకంతా వస్తుందని చిన్నాయన ఆశ. ఈ మూడూ పెట్టుకుని నా ఎడిటింగు ఏ గట్టెక్కాలి? మెల్లగా ఒక ఉపాయం వేశాను. "చిన్నాయనా, వాళ్లొచ్చే ముందు మనమే ఒక దినం కిరాయికొచ్చినోళ్ల లెక్క ఉండి చూస్తే మంచిది గద. నల్లాల నీళ్లొస్తున్నయా, బల్బులు ఎలుగుతున్నయా..." అన్నాను. ఆయన మురిసిపోయాడు. "చూసినవా, ఎంత దూరం ఆలోచించింది పోరి!" అని చిన్నమ్మకు చెప్పాడు. నేనెంత దూరం ఆలోచించానో ఆయనకు తెలియదు. తిరస్కరించిన సినిమాలన్నీ దుప్పట్ల మూటలో కట్టి వ్యాన్ ఎక్కించాను.

వానాకాలం. కమిటీ నలుగురూ నేనూ వెళ్లేసరికి గుట్టంతా మబ్బు కమ్ముకుని, దిగీ దిగగానే వాన అందుకుంది. బయట అడుగు పెట్టే వీల్లేదు. అంతా గోడకు ఆనుకుని కూర్చున్నాక, చాలా వినయంగా కమిటీ వారి పట్టుపురుగులు పెట్టాను. ఒక గంభీరమైన గొంతు మల్బరీ ఆకును ఎలా తరగాలో చెప్పడం మొదలుపెట్టింది. పురుగులు తింటున్నాయి. కాసేపటికి వేరే పురుగులు తింటున్నాయి. "మంచి విషయం" అన్నాడు చిన్నాయన, ఆవలింతను అరచేత్తో కప్పుకుంటూ. "ఈ పురుగు ఇంక ఎంతసేపు తింటదిరా?" అంది నాయనమ్మ. తరువాత కుందేలు వచ్చింది. దాని తరువాత పౌరాణికం. అందులో రాక్షసుడు ఒంటికాలి మీద తపస్సు చేసి, దేవుణ్ని మెప్పించి, నాకు చావు లేకుండా వరమిమ్మన్నాడు. దేవుడు తథాస్తు అన్నాడు. రాక్షసుడు ఒక్క నవ్వు నవ్వాడు. బిళ్ళ అయిపోయింది.

నాయనమ్మ కాసేపు ఖాళీ తెరకేసి చూసి చిన్నాయన మీద విరుచుకుపడింది. "ఏందిరా ఇది? రాక్షసునికి వరమిచ్చి అట్లనే ఇడిచిపెడ్తరా? వాడిప్పుడు లోకాన్ని బతకనిస్తడా?"  బయట వాన ఆగలేదు. మేనత్త కిటికీ ఊచలు లెక్కపెడుతోంది. చిన్నమ్మ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. ఇంకాసేపు ఆగాను. (ఆ ఆగడం తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే.) చివరికి నాయనమ్మే అడిగింది, "ఇంకేం లెవ్వా బిడ్డా?"

"ఉన్నయి గని, కమిటీ వద్దన్నది గద నాయనమ్మా."

"యాడున్నయి?"

దుప్పట్ల మూట విప్పాను. చిన్నాయన ఆ బిళ్ళల కుప్పను చూశాడు, నన్ను చూశాడు. నాయనమ్మ వాటిలో చేయి పెట్టి కలియబెట్టి పైకి తీసింది దయ్యం సినిమా. "ఇండ్ల తల్లి చస్తదా?"

"సినిమా మొదలు కాకముందే చచ్చిపోయింది నాయనమ్మా. దయ్యం ఆమెనే."

"అట్లనా? ఇంక చచ్చుడు లేదు గద. పెట్టు మరి."

పట్టపగలే అయినా మబ్బుకు గది చీకటిగా ఉంది. దయ్యం మొదటిసారి మెట్ల మీద కనపడగానే చిన్నమ్మ గిన్నెలు వదిలేసి వచ్చి చిన్నాయన చేయి పట్టుకుంది. మేనత్త కళ్లద్దాలు సవరించుకుని ముందుకు జరిగింది. "ఉచ్చారణ గమనించారా? ఈ దయ్యానికి ళకారం ఎంత స్పష్టంగా పలుకుతుందో!" నాయనమ్మ అయితే దయ్యం పక్షం చేరిపోయింది. "అటు గాదమ్మా, వాడు తలుపెన్క ఉన్నడు" అని దారి చెబుతోంది. సరిగ్గా దయ్యం తలుపు తోసే సమయానికి మా ఇంటి వెనక తలుపు గాలికి ధడాలున తెరుచుకుంది. అందులోంచి ఏదో తెల్లగా లోపలికి వచ్చింది. వానకు తడిసిన మేక. అది మేకని మాకు తెలిసేలోపలే చిన్నాయన గావుకేక పెట్టి కర్టెన్ పట్టుకుని వేలాడాడు. కర్టెన్, దాన్ని మోసే కడ్డీ, కడ్డీని మోసే కొంచెం గోడ, అన్నీ కలిసి ఆయన మీదే పడ్డాయి. కొత్త గ్లాసుల్లో రెండు పగిలాయి. మేక మమ్మల్ని ఓసారి చూసి, ఇది తనకు తగిన చోటు కాదన్నట్టు వచ్చిన దారినే పోయింది. సున్నం కొట్టుకున్న తలతో లేచి కూర్చున్న చిన్నాయన అన్న మొదటి మాట: "ఎనక్కి తిప్పు బిడ్డా. తలుపు దగ్గర్నుంచి మళ్ల పెట్టు."

ఆ రోజు ఇంకా కొన్ని చూశాం. దొంగలవి చూశాం, రెండో ఆవిడ ఉన్నవీ చూశాం. మేనత్త ఒక్క చెడ్డ అర్థాన్నీ వదలకుండా చెప్పింది గానీ ఏదీ ఆపించలేదు. నా గాడిద సినిమాను మాత్రం ఎవరూ అడగలేదు. అయినా తిరిగి వచ్చేముందు అన్నిటితో పాటు దాన్ని కూడా అలమారలో పెట్టి, అట్ట బయటికి కనపడేలా నిలబెట్టాను.

తరువాతి వారం బ్యాంకు ఆఫీసరు గారి కుటుంబం వెళ్లొచ్చింది. సోమవారం ఆయన షాపుకు వస్తున్నాడని తెలిసి కోచింగ్ మానేసి నేనూ నారాయణగూడ వెళ్లి ఫ్యాన్ల వెనక నిలబడ్డాను. ఇల్లు బాగుందన్నారు, గాలి బాగుందన్నారు. "సినిమాలు చూసిన్రా సార్?" అని చిన్నాయన అడిగాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఆ పట్టుపురుగులది ఎంత బాగుందండీ! పిల్లలు రెండుసార్లు చూశారు. మిగతా సినిమాలదేముంది, టీవీలో రోజూ వచ్చేవే కదా. ఆ బిళ్ళ ఓ వారం ఇస్తారా, మా నాన్నగారికి చూపిస్తాను." చిన్నాయన నా కోసం చుట్టూ చూశాడు. నేను ఫ్యాన్ల వెనక నుంచి బయటికి రాలేదు. ప్రపంచ సినిమా మీద నాకున్న అధికారం మొత్తం ఆ మధ్యాహ్నం ఒక పురుగు తినేసింది.

చిన్నాయన మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను. "అన్నా, ఈ పోరిని తక్కువ జేసి చూడకు. అమ్మను, అక్కను, నా పెండ్లాన్ని, నన్ను, నలుగుర్ని ఒక్క మాట మీదికి తెచ్చింది. ఎవ్వర్నీ ఒక్క మాట అనలే, ఎవ్వరితోని కొట్లాడలే. మేం వద్దన్న సినిమాలనే మాతోనే అడిగిపిచ్చుకున్నది" అన్నాడు. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన కళ్లల్లో నా మీద మొట్టమొదటిసారి గౌరవం కనిపించింది. 

"అట్లనా? అయితే ఇది గవర్నమెంట్ ఆఫీసుకే పనికొస్తది. కోచింగ్ అస్సలు బంద్ చెయ్యొద్దు" అన్నాడు.

చేయలేదు. పట్టుబట్టి చదివి, ఆఖరికి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆయన అంచనా తప్పు కాదని పాతికమంది సంతకాలు కావలసిన ప్రతి ఫైలూ నాకు చెబుతూనే ఉంటుంది. ఎడిటింగు నేర్చుకోలేదన్న దిగులు ఎప్పుడైనా పండగ సెలవుల్లో వస్తుంది, టీ తాగేలోపు పోతుంది. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చాక మా ఆయనా నేనూ సోఫాలో కూర్చుంటాం. లోకంలోని సినిమాలన్నీ తెర మీద వరసగా జరుగుతుంటాయి. "ఏది చూద్దాం?" అంటాడు ఆయన. "నీ ఇష్టం" అంటాను నేను. "నీకు తెలుసు కదా, నువ్వే చెప్పు" అంటాడు. అలా జరుపుతూ జరుపుతూ, ఏదీ చూడకుండానే ఇద్దరిలో ఒకరం నిద్రలోకి జారుకుంటాం.

అప్పుడు అనిపిస్తుంది, గుడ్డ సంచీ వేసుకుని నారాయణగూడ రోడ్డు మీద అంత బరువైన మొహంతో నడిచిన ఆ పిల్ల ఒకసారి ఎదురుపడితే బాగుండునని. ఏ సినిమా చూడాలో ఆమెకు తడుముకోకుండా తెలుసు. అడిగితే నడిరోడ్డు మీదే నిలబెట్టి, ఎందుకు చూడాలో కూడా చెబుతుంది. ఆ సినిమా నేను ఎలాగూ చూడను. ఆమె ఉపన్యాసం మాత్రం, ఒక్క ఆవలింత కూడా లేకుండా, చివరిదాకా నిలబడి వింటాను.