నేను తీసిన జాలీ

మొన్న ఆదివారం మా కోడలు ఇల్లూడ్చే మిషన్‌లోంచి ఫిల్టర్ ఊడదీసి, దీన్ని కడగడం మీకే బాగా తెలుసట కదా మామయ్యా అని నా చేతిలో పెడితే, కాప్రాలోని మా ఇంటి పెరట్లో కుళాయి కింద దాన్ని పట్టుకుని, నీళ్లతో జారిపోతున్న బూడిదరంగు నూగును చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. బాధ అనలేను. ఏ భావమూ కలగలేదు, అంతే. మన వయసువాళ్లకు ఈ స్థితి తెలిసే ఉంటుంది.

బేగంపేట హోటళ్లలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తివాచీలు పరిచిన రోజులవి. వాటిని శుభ్రం చేసే కంపెనీలో మా అక్క భర్త, అంటే మా బావ, పెద్ద మిషన్ బిగించిన వ్యాన్ నడిపేవాడు. నాకు పెళ్లయిన కొత్తలో నన్నూ అందులోనే పెట్టించాడు. కింద ఆవరణలో వ్యాన్ ఆగి ఉండగానే వేడినీళ్లు పొడవాటి గొట్టాల్లో పై హాళ్లకు వెళ్లి, మురికిని వెంటబెట్టుకుని తిరిగి వ్యాన్‌లోని ట్యాంకులోకి వచ్చేవి. వాటిని లాగే బ్లోయర్‌లోకి నూగు పోకుండా ట్యాంకులో పిడికిలంత స్టీలు జాలీ ఒకటి ఉండేది. ఉన్ని తివాచీ అయితే అరగంటకే అది మూసుకుపోయేది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఎండకు ఎత్తి చూసి, ప్రతి కన్నంలోంచీ వెలుతురు కనబడితేనే బావ తిరిగి బిగించనిచ్చేవాడు.

ఒకరోజు సాయంత్రం రిసెప్షన్ ఉందని, ఆలోగా హాలు ఆరాలని హోటల్ మేనేజరు మా నెత్తి మీద కూర్చున్నాడు. జాలీ మాటిమాటికీ మూసుకుపోతోంది, నీళ్లు తివాచీలోనే నిలిచిపోతున్నాయి. బావ పైన ఉండగా నేను కింద జాలీ తీసి పక్కన పెట్టేశాను. గొట్టం ఒక్కసారిగా బలంగా లాగింది, హాలు వేళకు ఆరింది, అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున ఇంజిన్ వేస్తే బ్లోయర్ కీచుమని బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపలంతా తడి నూగు.

"జాలీ నువ్వే తీసినవా?" అని బావ అడిగాడు.

"తీసిన బావా."

"నాకు జెర చెప్పి తీస్తే అయిపోతుండె గద రా," అన్నాడు.

యజమాని వచ్చి అడిగితే మాత్రం, "నేనే తీసిన సార్, పని జల్ది కావాలని," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. బావను గోదాములో తివాచీలు మోసే పనికి వేసి, వ్యాన్ నాకిచ్చారు.

తరువాత నేను పాత పాలక్యానుకు ఒళ్లంతా కన్నాలు పొడిపించి, చుట్టూ సన్నని స్టీలు వల కుట్టి, పాతదానికి నాలుగింతల జాలీ తయారుచేశాను. ఒకవైపు నూగు పట్టినా మరోవైపు నుంచి గాలి ఆడేది. ఎంత పెద్ద హాలైనా ఆపకుండా పూర్తయ్యేది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ చేసినవ్," అని మళ్లీ తివాచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ మోతలతోనే ఆయన నడుము పోయింది, కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఆ రోజు నాకు కన్నీళ్లు రాలేదు. చేయవలసిన పనులన్నీ చేశాను.

ఇప్పుడు ఆ హోటళ్లలో నున్నటి రాళ్లు పరిచారు, తుడిస్తే నిమిషంలో ఆరిపోతాయి. వ్యాన్ తుక్కుకు పోయింది, కంపెనీ పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. బోయిగూడలో అక్క ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఆ ప్రస్తావన వస్తుంది. "మీ బావకు అన్నిట్ల తొందరనే. గా మిషన్ ఖరాబ్ చేయకుంటే నడుము సుత పోకపోతుండె," అంటుంది. మొదట్లో ఏడుస్తూ అనేది, ఈమధ్య నవ్వుతూ అంటోంది. నేను తలూపి టీ తాగుతాను.