మా ఇంట్లో గేమింగ్ మానిటర్‌కు పెట్టిన పరీక్ష

తమ్ముడు తెప్పించుకున్న పెద్ద గేమింగ్ మానిటర్ ఈ ఉదయం సత్తుపల్లిలో బొగ్గు గని పక్కనున్న మా ఇంటికి వచ్చింది. సెకనుకు నూట అరవై ఐదు సార్లు బొమ్మ మారుతుందట. అమ్మ దిగులు వేరు.

"గనిల బ్లాస్టింగ్‌కు ఊగిందనుకో, వాపసు పంపుడే. పగిలినంక ఎవడు తీసుకుంటడు?"

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు ముందు వేసే సైరన్ మోగింది. ముగ్గురం మానిటర్ ఎదుట నిలబడ్డాం. దాన్ని పట్టుకోవడానికి తమ్ముడు చేతులు చాచాడు. అమ్మ అడ్డుకుంది.

"ముట్టకురా! నువ్వు పట్టుకుంటే ఇంక చూసేదేంది?"

నేల అదిరింది. గూట్లోంచి స్టీలు గ్లాసు కింద పడి దొర్లింది. సన్నటి స్టాండు మీద మానిటర్ ముందుకు వంగి, వణికి, మెల్లగా నిలబడింది. ఇద్దరం అమ్మ వైపు చూశాం.

"ఊగిందిలే. నేను ఊగలేదా? ఉండనియ్."

నేను చదివిన రివ్యూల్లో ఈ పరీక్ష ఎక్కడా లేదు. గనుల పక్కన ఉండేవాళ్లూ, మీ ఇళ్లలో ఏం నిలబడింది, ఏం పడింది?