కరెంటు ఉండగానే

కాఫీపొడి డబ్బా మూత తీసే ముందు హిల్కా ఊపిరి బిగబడుతుంది. ఊపిరి తగిలినా ముల్లు కదిలే త్రాసు దగ్గర పడిన అలవాటు అది. యుద్ధంలో భర్త పోయిన ఏడాది ఇత్తడి కర్మాగారం ప్రయోగశాలలో చేరింది. అక్కడే జుట్టు నెరిసింది.

చిటికెడు ఇత్తడి రజను యాసిడ్‌లో కరిగించి, చిన్న గిన్నెలో పోసి కరెంటు పంపితే రాగి అంతా ప్లాటినం జాలీకి గులాబీరంగు పూతలా అంటుకుంటుంది. జాలీ ఎంత బరువు పెరిగితే అంత రాగి. తీసుకునేదే చిటికెడు కాబట్టి, నలుసంత పోయినా లెక్క తప్పుతుంది. అందుకే ఒకే సరుకును రెండు గిన్నెల్లో చూస్తారు.

ఒక ఫిబ్రవరి ఉదయం ఆ రెండు లెక్కలూ కలవలేదు. రెండో జాలీలో రాగి తగ్గింది.

కొలిమి మేస్త్రీ ఉర్హో బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలోకొచ్చాడు.

"ఏమ్మా, రాగి నువ్వే తినేస్తున్నావా? అక్కడ నీ లెక్క కోసం కొలిమి నోరు తెరుచుకుని కూర్చుంది!"

"కాస్త ఆగవయ్యా."

"రెంటికీ మధ్యలో ఓ అంకె చెప్పెయ్. ఎవడు చూడొచ్చాడు?"

నిజమే, ఎవరూ చూడలేదు. కీళ్లనొప్పితో రాత్రంతా నిద్ర లేదు. మధ్య అంకె చెబితే ఈ పూట గడుస్తుంది, త్రాసు ముందు కుర్చీ నిలుస్తుంది. కానీ తన చెయ్యి చేసిన పని ఆమెకు గుర్తుంది. కరెంటు ఉండగానే జాలీని పైకి తీసి కడగాలి. మణికట్టు లాగేస్తుంటే ఆమె జాలీ తీయకముందే స్విచ్ కట్టేసింది. ఆ కాస్తలోనే యాసిడ్ కొంత రాగిని వెనక్కి లాక్కుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే మొదటి పాఠమే అది. పక్క బల్ల దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి వైపు తిరిగింది.

"అన్నిక్కీ, రెండోది మళ్లీ నువ్వు చెయ్యవే."

"నేనా? నువ్వుండగానా అత్తా?"

"నా చెయ్యి నా మాట వినట్లేదే."

"మళ్లీ మొదట్నుంచా? బాగుంది వరస!" ఉర్హో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

అన్నిక్కి తీసిన జాలీ లెక్క హిల్కా మొదటి జాలీతో సరిపోయింది. కొలిమికి కబురెళ్లింది. హిల్కా చల్లారిన కాఫీ తాగేసి, పెద్ద కెమిస్టు గదికి వెళ్లింది.

"ఆ కుర్చీ అన్నిక్కికి ఇచ్చెయ్యండి."

ఆయన కాదనలేదు. ఒక్కసారైనా కాదంటాడేమో అనుకుంది.

ఇప్పుడు హిల్కా అదే ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతుంది. త్రాసు గదిలోకి వెళ్లదు.