వాగు కన్నా ముందు వచ్చే గొంతు

మా అక్క పోయిందని నాకు మొదట చెప్పింది ఇంట్లోవాళ్లు కాదు, ఒక ఆటో డ్రైవర్. బడి గేటు ముందు ఆటో ఆపి, "మేడమ్, పెద్ద టీచరమ్మ పోయిందట. జల్దీ ఎక్కుండ్రి, ఇంటికాడ దించుత" అన్నాడు. ఆమె వారం రోజులుగా సంగారెడ్డి ఆసుపత్రిలో ఉంది, కబురు ఎప్పుడైనా రావచ్చని తెలుసు. అయినా నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆఖరికి ఈ కబురు కూడా నాకంటే ముందు ఊరికే తెలిసింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య. మా వైపు యారాలు అంటాం. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్లం, ఇద్దరం టీచర్లం. ఆమె హిందీ, నేను తెలుగు. నేను వాచకం చదివితే హెడ్‌మాస్టర్లు కూడా ఆగి వినేవాళ్లు, గణతంత్ర దినోత్సవానికి మైకు నాదే. ఆమె గొంతు మాత్రం బొంగురు. తరగతిలో ఆమె అరిస్తే పక్క గదిలో నా పాఠం ఆగిపోయేది. అయినా పిల్లలు ఆమె చుట్టూనే తిరిగేవాళ్లు. పాశమైలారం ఫ్యాక్టరీలకు వచ్చిన బీహార్, ఒడిశా కూలీల పిల్లలైతే ఆమెను మేనత్తలా పట్టుకుని వేలాడేవాళ్లు. మా అత్తమ్మ సైతం, "పెద్దదాని నోరు పెద్దది, మనసు గూడ పెద్దది" అని నా ముందే అనేది. నా మనసు కొలత ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మా ఊరి పక్కనుంచి వాగు పోయి మంజీరలో కలుస్తుంది. ఒక వానాకాలం అది దిగువ బస్తీలోని కిరాయి గదుల్లోకి వచ్చింది. మనుషులు దక్కారు కానీ బియ్యం, బట్టలు, పుస్తకాలు అన్నీ పోయాయి. తర్వాత వరద నివారణకు సర్కారు పైసలు వచ్చాయి. వాటితో ఏం చేయాలో తేల్చడానికి ఊళ్లో సభ పెట్టారు. వాగు వెంబడి గోడ కట్టాలని నేను మాట్లాడాను, రెండు రోజులు తయారై మరీ మాట్లాడాను. బాగా చప్పట్లు పడ్డాయి. అప్పుడు అక్క కూర్చున్న చోటు నుంచే అంది: "మనకాడ గోడ కడితే గా నీళ్లు ఏడికి పోతయి? కింది ఊరి మీద పడ్తయి. పైన వాన పడంగనే మనకు ఎరుకైతే సాలు, గంట ముందల లేచి నడుస్తం. గోడ అందరికి కనవడ్తది, ముందుగాల ఎరుకైతే అది ఎవ్వరికి కనవడదు. గందుకే దానికి పైసలు గట్టిగ అడగాలె."

చప్పట్లు నాకు, తీర్మానం ఆమెకు. ఎగువన వాన కొలిచే యంత్రాలు పెట్టారు. వాగు ఎంత వస్తుందో లెక్కగట్టి ముందే చెప్పే ఏర్పాటు చేశారు. మా ఊళ్లో సైరన్ బిగించారు.

దాన్ని మొదటిసారి మోగించి చూసిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. మా దగ్గర సైరన్ అంటే వరద కాదు, ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనట్టు. అది మోగగానే బస్తీ మొత్తం ముక్కులకు కొంగులు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని ఫ్యాక్టరీలకు దూరంగా పరుగెత్తింది. అంటే సరిగ్గా వాగు వైపు. అధికారులు నెత్తి పట్టుకున్నారు. అక్క మాత్రం వాగు ఒడ్డుదాకా పోయి, చేతులు అడ్డం పెట్టి అందరినీ వెనక్కి తోలింది.

సైరన్ తీసేసి స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు పెట్టాలని, మనిషి గొంతుతో చెప్పాలని పట్టుబట్టింది కూడా ఆమే. గొంతు అనగానే నన్నే పిలుస్తారనుకుని మనసులో వాక్యాలు కూడా రాసుకున్నాను. వాళ్లు ఆమెను పిలిచారు. ఆమె కాగితం లేకుండా, పిల్లల్ని కసిరినట్టు చెప్పి రికార్డు చేయించి వచ్చింది: "గ్యాస్ గాదు, వాగు వస్తుంది. వాగు దిక్కు పోవద్దు. సామాన్లు ఇడిసిపెట్టు, పిల్లల్ని పట్టుకో. బడి మీదికి నడువు, నడువు." మళ్లీ అదే హిందీలో. నాలుగు దినాలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె అది గమనించనైనా లేదు, అదింకా మండింది.

వరుసగా కొన్నేళ్లు వానలు తక్కువ పడేసరికి, ఆ యంత్రాలకు ఏటా ఇచ్చే పైసలు ఆపుతారని వినిపించింది. అక్క అప్పటికే రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి కలెక్టరేట్‌కు తిరిగింది. "దొంగ రాలేదని తాళం అమ్ముకుంటమా సార్?" అని అడిగిందట. పైసలు ఆగలేదు. ఈ ముచ్చట కూడా నాకు బస్సు కండక్టర్ చెప్పాడు.

అంత్యక్రియలకు షిఫ్టు దిగిన కూలీలు హెల్మెట్లు చేతిలో పట్టుకుని వచ్చి గోడవారగా నిలబడ్డారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని లెక్క వేసుకున్నాను. ఏడుస్తూనే వేసుకున్నాను.

కర్మలు అయ్యాక ఊరి పెద్దలు కొందరు, పోయినామె గొంతు స్తంభం మీద వినపడటం మంచిది కాదన్నారు. యంత్రాలు చూసే ఆఫీసు వాళ్లు ఆ మాటలే నా గొంతుతో రికార్డు చేస్తామని నా దగ్గరికి వచ్చారు. వద్దని ఒక్క మాట కూడా అనలేదు. స్పష్టంగా, ఎక్కడా తొణకకుండా చెప్పాను. హిందీ కూడా బట్టీ పట్టి చెప్పాను.

పరీక్షగా దాన్ని వినిపించిన రోజు నేను బస్తీ సందులో నిలబడ్డాను. నా గొంతు వచ్చింది. జనం గడపల్లోకి వచ్చి స్తంభం వైపు చూశారు. గిన్నెలో బియ్యం కడుగుతున్న ఒకామె పక్కింటామెతో, "ఎవలో గని మస్తు సదువుతున్నరు" అని చెప్పి లోపలికి పోయింది. మిగతావాళ్లూ పోయారు. సందులో నేనొక్కదాన్నే మిగిలాను. ఇదే నిజంగా వాగు వచ్చిన రోజైతే? అక్కడినుంచే ఇంజినీరుకు ఫోన్ చేసి, "పాతదే పెట్టుండ్రి. పెద్దమనుషులకు నేను చెప్త" అన్నాను. ఆ మాట అంటుంటే కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మొన్నటి ముసురులో, మధ్యాహ్నం పూట, ఎగువ యంత్రాల నుంచి కబురొచ్చింది. స్తంభాల మీద అక్క అరవడం మొదలుపెట్టింది. నేను దిగువకు ఉరికేసరికే జనం ఎదురొస్తున్నారు. ముందు ఆ బియ్యం కడిగినామే ఉంది, మోచేతుల దాకా పిండి, చంకలో పిల్ల. వానలో తడుస్తూ, తల పైకెత్తి స్తంభానికి జవాబు చెబుతోంది: "వస్తున్న టీచరమ్మా, వస్తున్న."