పెద్ద గొంతు బయటికి

మా మల్లేశ్వరరావు మాస్టారికి ఒకటే పిచ్చి. నలుగురూ కలిసి మాట్లాడుతుంటే అందులో అందరికంటే పెద్ద గొంతు ఎవరిదో కనిపెట్టి, వాళ్ళని ఏదో ఒక పని మీద బయటికి పంపేస్తారు. తాడేపల్లిగూడెంలో ఆయన ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే కాలేజీలోనే నేను ల్యాబ్ టెక్నీషియన్ని. నా గొంతు రైస్‌మిల్లు పక్కన పుట్టి పెరిగింది. ఇక పన్నెండేళ్ళుగా ఆ ల్యాబ్‌కి టీలు మోస్తున్నది ఎవరో వేరే చెప్పాలా?

"సత్తిబాబు గారూ, మీ మాట అందిందండీ. అయిదు టీలు పట్టుకురండి."

అంతే. మాట సగం నోట్లో ఉండగానే ఫ్లాస్కు చేతికొచ్చేది.

ఈ పిచ్చి ఆయనకి చదువులోంచి అంటుకుంది. నాలుగు యాంటెనాలు ఒక్కసారే పంపిన సిగ్నళ్ళు గాల్లో కలగాపులగమైపోయి ఇవతలికి చేరతాయట. ముందు బలమైనదాన్ని గుర్తుపట్టి, మొత్తంలోంచి దాన్ని తీసేస్తే, దాని చాటున నక్కిన బక్క సిగ్నల్ బయటపడుతుందట. "మనుషులూ అంతేనండీ" అంటారాయన.

ఏలూరులో ఒక పెళ్ళికెళ్ళాం. ఉప్మాలో ఉప్పు చాలలేదని పెళ్ళికొడుకు పెదనాన్న పందిరి లేచిపోయేలా అరుస్తున్నాడు. మాస్టారు ఆయన్ని కుర్చీలు లెక్కపెట్టమని పంపారు. బ్యాండుమేళాన్ని టిఫిన్లకి పంపారు. అప్పుడు వినిపించింది, పురోహితుడి పీలగొంతు.

"అయ్యా, ముహూర్తం దాటిపోతోందండీ! ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నానండీ!"

ఇంట్లో మాత్రం మాస్టారి పప్పులుడకలేదు. ఆయన భార్య శ్యామలాదేవి గారు తేల్చి చెప్పేశారు. "అవునండీ, పెద్ద గొంతు నాదే. అయితే కొత్తిమీర మీరే వెళ్ళి తెండి."

ఎం.టెక్. చదివే తులసిది కొల్లేటి ఒడ్డున ఊరు. అసలే సన్న గొంతు. ఎదుటివాళ్ళు స్వరం పెంచితే ఆ ఉన్నదీ పోతుంది. మాస్టారి దగ్గర ఆ సిగ్నళ్ళ మీదే చేసిన ప్రాజెక్టు, వైవా ఒకసారి పోయింది. బెంగళూరు ఉద్యోగం చేతిదాకా వచ్చి ఉంది. ఈసారీ పోతే అదీ పోయినట్టే.

"నాకు రాక కాదండీ, చెప్పనివ్వరండీ" అంది నాతో. పాపం, కళ్ళనిండా నీళ్ళు.

వైవా రోజు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను మించిన ఘనుడు. తనే అడుగుతాడు, తనే జవాబు చెబుతాడు, తనే కాదంటాడు.

"మొదటి సిగ్నలే తప్పుగా పట్టుకుంటే ఏవవుతుంది? ఏవీ కాదు! అంతేనా?"

తులసి నోరు తెరిచింది. మాస్టారు అందుకున్నారు. "ఆ అమ్మాయి ఉద్దేశం అది కాదండీ..."

"మీరాగండి!"

"మీరే ఆగండి!"

పిల్ల తరఫున నేనూ ఓ కేక వేశాను. మాస్టారు ఫ్లాస్కు వైపు చూశారు. ఖర్మరా బాబూ అనుకుంటూ ఫ్లాస్కు తీసుకుని లేచాను. నా సంగతి సరే, ఎగ్జామినర్‌ని టీలకి ఎలా పంపుతారు? ఇంతలో మాస్టారు వచ్చి నా చేతిలోంచి ఫ్లాస్కు లాక్కున్నారు.

"మీరు కూర్చోండి. ఇవాళ ఇక్కడ పెద్ద గొంతు నాదండీ."

చక్కా వెళ్ళిపోయారు.

వాదించడానికి మనిషి దొరక్క ఎగ్జామినర్ చల్లబడ్డాడు. ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చాటునుంచి తులసి.

"మొదటిది తప్పు పట్టుకుంటే, ఆ తప్పు మిగతావాటన్నిటికీ అంటుకుంటుందండీ. అందుకే పెద్దగా వినిపించేదాన్ని కాకుండా, స్పష్టంగా ఉన్నదాన్ని ముందు తీయాలండీ."

ఇరవై నిమిషాల్లో బోర్డంతా నింపేసింది. ఎగ్జామినర్ సంతకం పెడుతూ, "ఇంత తెలిసి పోయినసారి ఎందుకమ్మా చెప్పలేదు?" అన్నాడు!

నేను తలుపు తీసేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు, ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని. క్యాంటీన్‌కి వెళ్ళనేలేదు. నన్ను బయటికి తోలిన ప్రతిసారీ లోపల ఎవరో ఒక తులసి ఉండి ఉంటుందని అప్పుడు వెలిగింది. నా బుర్రకి ఆ సిగ్నల్ అందడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఎగ్జామినర్ రైలుకి వెళ్ళిపోయాక మేం ముగ్గురమే మిగిలాం. సంతోషం పట్టలేక ముగ్గురి మాటలూ నేనే మాట్లాడేస్తున్నాను.

"సత్తిబాబు గారూ, మీ మాట అందిందండీ" అంది తులసి నవ్వుతూ. "మూడు టీలు తెస్తారా అండీ?"

ఓసి నీ అసాధ్యం కూలా అనుకుంటూ గుమ్మం దాటాను. వెనక ఒక గొంతు వినిపించింది. తులసి గొంతు కంటే సన్నంగా ఉంది. మాస్టారిది.

"నా వైవాలో ఎవరూ బయటికి వెళ్ళలేదమ్మా. రెండుసార్లు పోయింది."

క్యాంటీన్ రెండు గదుల అవతలే. ఆ పూట టీలు తేవడానికి మాత్రం నాకు ముప్పావు గంట పట్టింది.